పాళ్లూ పాకమూ

హైదరాబాద్ నుంచి రామగుండం పోయే రాజీవ్ రహదారి గజ్వేల్ దాటి, సిద్దిపేట మీదుగా కరీంనగర్ వైపు సాగుతుంది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన సిద్దిపేట జిల్లా మూడు పాత జిల్లాల ముక్కలతో కుదిరింది. సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాక మెదక్ నుంచి వచ్చాయి. హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి కరీంనగర్‌వి. చేర్యాల, మద్దూరు వరంగల్‌వి. పరిపాలన కోసం గీసిన ఈ గీతలు లోహాల చరిత్ర చదివేవాళ్లకు మరో సంగతి కూడా చెబుతాయి. జిల్లాకు ఉత్తరాన ఉన్నది శతాబ్దాల పాటు ఇనుము తీసి ఉక్కు వండిన నేల. దక్షిణాన, పాత మెదక్ జిల్లా కిందే ఉండిన రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ గ్యాస్ టర్బైన్లు తయారు చేసింది. ఇంకాస్త కిందికి పోతే హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో మిశ్రధాతు నిగమ్, దానికి పొరుగునే రక్షణ లోహ పరిశోధనశాల నికెల్, క్రోమియం కలిపిన లోహాలను కరగదీస్తున్నాయి. మొదటిది పురావస్తు శాఖ కథగా, రెండోది రక్షణ శాఖ కథగా విడివిడిగా చెప్పడం మనకు అలవాటు. రెండింటినీ ఒకే వరసలో చదివితేనే ఒక సంగతి తేటపడుతుంది. మంటకు తట్టుకునే లోహాలను పోల్చేటప్పుడు అందరూ మొదట చూసేది ఏది ఎంత శాతం ఉందనే పట్టిక. ఈ ప్రాంతపు చరిత్ర మాత్రం పాళ్ల కంటే ముందు పాకం సంగతి అడగమంటుంది.

అరిసెలు వండే ఏ ఇంట్లోనైనా ఇది తెలిసిన మాటే. బియ్యప్పిండి అదే, బెల్లం అదే, కొలతలూ అవే. పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే రాయవుతుంది. కరిగిన లోహం విషయంలోనూ అంతే. ఎందులో కరిగించారు, ఏ గాలి తగిలింది, ఎంత నిదానంగా గడ్డకట్టింది అన్న ప్రశ్నలకు జవాబు శాతాల పట్టికలో దొరకదు.

ఉత్తర తెలంగాణ ఉక్కు గురించి మనకు మిగిలిన కళ్లతో చూసిన వర్ణనల్లో గొప్పది హెన్రీ వాయ్సీది. లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో ఆయన భూగర్భ శాస్త్రజ్ఞుడు. 1824లో చనిపోయాడు. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో ఉక్కు చేసే తీరు మీద ఆయన రాసింది 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. కోనసముద్రం వాళ్లు రెండు రకాల ఇనుము తెచ్చుకునేవారు. ఒకటి ఇసుకలోంచి ఏరిన నల్లటి ధాతువుతో చేసింది, రెండోది ఎర్రమట్టి నేలల్లో దొరికే ధాతువుతో చేసింది. మొదటిది మూడు పాళ్లు, రెండోది రెండు పాళ్లు. ఈ ముక్కలను మట్టి మూసలో వేసి, కొంచెం గాజుచిట్టెం చేర్చి, మూత పెట్టి మెత్తేవారు. ఎద్దుతోలు తిత్తులతో ఇరవై నాలుగు గంటలు మంట ఊదేవారు. ఆ తర్వాత మూసలను నిదానంగా చల్లారనిచ్చేవారు. పగలగొడితే లోపల ఉక్కు బిళ్ల ఉండేది. అది అప్పుడే పనికి రాదు. దానికి మట్టి పూసి మళ్లీ పన్నెండు నుంచి పదహారు గంటలు కాల్చి చల్లార్చేవారు. మెత్తబడకపోతే ఇంకోసారి, మూడోసారి, నాలుగోసారి కూడా. ఈ బిళ్లల కోసం ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చి, కొలిమి దగ్గరే కూర్చుని సరుకు చూసి కొనుక్కునేవారని వాయ్సీ రాశాడు. ఆ వర్ణనలో పాళ్లకు ఒక్క వాక్యం సరిపోయింది. మిగతాదంతా మంట గురించి, కాలం గురించి, చల్లార్చడం గురించి.

కోనసముద్రం ఒంటరి ఊరు కాదు. 2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి పాత ఆదిలాబాద్, నిజామాబాద్, కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో క్షేత్ర పరిశీలన చేశాయి. శారదా శ్రీనివాసన్, జిల్ జూలెఫ్, ఎస్. జైకిషన్ వంటివాళ్లు పాల్గొన్న ఆ సర్వేలో చిట్టెం కుప్పలూ, మూసల పెంకులూ, కొలిమి గొట్టాలూ ఎన్నో ఊళ్లలో నమోదయ్యాయి. సిద్దిపేట జిల్లాకు వస్తే, నంగునూరు మండలం నర్మెట దగ్గర 2017లో రాష్ట్ర పురావస్తు శాఖ ఇనుప యుగపు పెద్ద రాతి సమాధులను తవ్వింది. ఒక మూతబండను లేపడానికి క్రేన్లు పెట్టాల్సి వచ్చింది. ఈ సమాధుల కాలానికీ మూసల ఉక్కు కాలానికీ మధ్య చాలా ఎడముంది. కాబట్టి నర్మెటను ఉక్కుకు సాక్ష్యంగా చూపను. ఇక్కడి మనుషులకు ఇనుముతో పరిచయం ఎంత పాతదో చెప్పడానికి మాత్రం అది చాలు.

ఇక్కడి ఉక్కు ఇంగ్లండ్ చేరాక జరిగిన కథ ఆలోచింపజేస్తుంది. 'ఉక్కు' అన్న మన మాటే చెవులు మారుతూ 'వూట్జ్' అయిందని పండితులు చాలామంది ఒప్పుకుంటారు. లండన్‌లో కత్తులు, శస్త్రచికిత్స పరికరాలు చేసే జేమ్స్ స్టోడార్ట్, అప్పటికి ఇంకా కుర్రవాడైన మైకేల్ ఫారడే ఈ దక్షిణాది ఉక్కు రహస్యం పట్టుకోవాలని కూర్చున్నారు. 1819లో ఫారడే దాన్ని రసాయన పరీక్షకు పెట్టాడు. అందులో అల్యూమినియం, సిలికాన్ జాడ కనిపించిందని, గొప్పతనం వాటిదేనని అనుకున్నాడు. అది పొరపాటు. అయినా ఆ పొరపాటు ఫలించింది. ఉక్కులో వేరే లోహం కలిపితే గుణం మారుతుందన్న నమ్మకంతో ఆ ఇద్దరూ వెండి, ప్లాటినం, రోడియం, నికెల్, క్రోమియం ఒక్కొక్కటే కలిపి చూశారు. 1820లో, 1822లో ఆ ఫలితాలు ప్రకటించారు. మిశ్ర ఉక్కుల చరిత్ర సాధారణంగా ఈ ప్రయోగాల దగ్గర మొదలవుతుంది. ఫారడే దాచిన నమూనాల పెట్టెను వందేళ్ల తర్వాత రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ తెరిచి ఒక్కొక్కటీ పరీక్షించి, 1931లో పుస్తకం రాశాడు. నికెల్, క్రోమియం కొలిమికెక్కడానికి ఒక కారణం దక్కన్ ఉక్కు మీద పుట్టిన కుతూహలం అని చెప్పడంలో అతిశయం లేదు. ఫారడే తప్పు ఎక్కడుందంటే, రహస్యం పాళ్లలో ఉందనుకున్నాడు. మూసలో నిదానంగా గడ్డకట్టడంలో, మళ్లీ మళ్లీ కాల్చడంలో ఏం జరుగుతోందో చూసే సూక్ష్మదర్శిని అప్పటికి లోహాల పనిలోకి రాలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగానే వస్తుంది. కమ్మరి కొలిమికీ విమాన ఇంజన్‌కీ చుట్టరికం కలపడం పాత వైభవం చెప్పుకుని మురిసిపోవడమే కదా అని. వంశవృక్షం గీయడం నా ఉద్దేశం కాదు. అలాంటి వారసత్వమే లేదు. కోనసముద్రం మూసలు పందొమ్మిదో శతాబ్దంలో ఆరిపోయాయి. షెఫీల్డ్‌లో హంట్స్‌మన్ 1740ల నుంచి మూసల ఉక్కు చేస్తున్నాడు. 1856లో బెస్సమర్ పద్ధతి వచ్చాక ఓడల మీద దిగిన చవక ఉక్కు ముందు కట్టెబొగ్గు ఉక్కు నిలవలేదు. ఈ విద్య పుస్తకంలో లేదు, చేతుల్లో ఉండేది. చేతులు మానుకున్నాక విద్యా పోయింది. కంచన్‌బాగ్ ఇంజనీర్లు తమ విద్యను కోనసముద్రం నుంచి నేర్చుకోలేదు. కలిసేదల్లా ప్రశ్న దగ్గరే: దినుసులు తెలిసినంత మాత్రాన లోహం చేతికొస్తుందా?

నికెల్ క్రోమియం జంట ఇళ్లలోకి వచ్చింది మాత్రం విమానం రూపంలో కాదు. 1905 ప్రాంతంలో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ ఎనభై పాళ్ల నికెల్‌లో ఇరవై పాళ్ల క్రోమియం కలిపి తీగ చేశాడు. అదే నిక్రోమ్. కరెంటు పొయ్యిలో ఎర్రగా కాలే స్ప్రింగు అదే. ఏళ్ల తరబడి రోజూ కాలినా అది తుప్పుగా రాలిపోకపోవడానికి కారణం ఉంది. వేడి తగలగానే క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తీగ చుట్టూ పలచని గట్టి పొర కడుతుంది. ఆ పొర లోపలి లోహానికి గొడుగు. అయితే కాలే తీగను కాస్త లాగి చూస్తే సాగుతుంది. కాలకుండా ఉండడం ఒక గుణం, కాలుతూ బరువు మోయడం వేరే గుణం. జెట్ ఇంజన్‌కు రెండోది కావాలి. బ్రిటన్‌లో ఫ్రాంక్ విటిల్ ఇంజన్‌తో తొలి విమానం 1941 మే 15న ఎగిరింది. ఆ ఇంజన్ల వేడి భాగాల కోసం బర్మింగ్‌హామ్ దగ్గరి హెన్రీ విగ్గిన్ సంస్థ ఇదే నిక్రోమ్‌లో కొద్దిగా టైటానియం, కార్బన్ చేర్చి నిమోనిక్ 75 అని పేరు పెట్టింది. టైటానియం, అల్యూమినియం ఇంకాస్త పెంచితే నిమోనిక్ 80 వచ్చింది. ఆ కొద్దిపాటి అల్యూమినియం, టైటానియం నికెల్‌తో కలిసి లోహం నిండా కంటికి కనపడని గడులుగా ఏర్పడతాయి. వాటిని గామా ప్రైమ్ అంటారు. మామూలు లోహం వేడెక్కేకొద్దీ మెత్తబడుతుంది. ఈ గడులు మాత్రం ఏడెనిమిది వందల డిగ్రీల దాకా వేడెక్కేకొద్దీ గట్టిపడతాయి. ప్రకృతిలో ఇంత అచ్చొచ్చిన వింత ఇంజనీర్లకు మరొకటి దొరకలేదేమో!

అయితే ఈ గడులు ఎక్కువ కావాలంటే అల్యూమినియం, టైటానియం ఎక్కువ పోయాలి. మామూలు గాలిలో కరిగిస్తే ఆ రెండూ మొదట ఆక్సిజన్‌కే దొరుకుతాయి. కొంత పొగలా పోతుంది, కొంత మట్టిపొరలా లోహంలోనే చిక్కుకుని పగుళ్లకు బీజం అవుతుంది. కాగితం మీద ఎంత రాసుకున్నా, గాలి కొలిమిలో అంతకుమించి చేరదు. 1950లలో శూన్యంలో కరిగించే కొలిమి వచ్చాకే ఆ గీత చెరిగింది. దినుసులు మారలేదు, కొలిమి మారింది. సీసం, బిస్మత్ లాంటివి పది లక్షల్లో కొన్ని వంతులున్నా ఈ లోహాలు వేడిలో పెళుసై విరిగిపోతాయి. శూన్యపు కొలిమి వాటినీ ఆవిరిగా బయటికి లాగేస్తుంది. హైదరాబాద్‌లో 1963లో రక్షణ లోహ పరిశోధనశాల, 1973 నవంబరు 20న మిశ్రధాతు నిగమ్ ఏర్పడ్డాయంటే దాని వెనక ఈ కారణం ఉంది. ఈ లోహాల పట్టికలు అప్పటికే ఎవరికైనా దొరికేవి. శూన్యంలో కరిగించి, ఆ దిమ్మెను మళ్లీ విద్యుత్ చాపం కిందనో, కరిగిన చిట్టెంలోంచి బొట్లు బొట్లుగా దించుతూనో రెండోసారి శుద్ధి చేసే కొలిములు దేశంలో కావాల్సి వచ్చాయి. మిశ్రధాతు నిగమ్ అలా చేసిన నికెల్ లోహాలకు సూపర్నీ అని పేరు పెట్టింది. సూపర్నీ 75, 80, 90, 115, 718 అన్నవి అక్కడి కొలిమి పలకల మీద నడిచే పేర్లు.

ఇప్పుడు వీటిని పక్కపక్కన పెట్టి చూద్దాం. 75లో క్రోమియం ఇరవై శాతం. గట్టిపరిచే దినుసులు నామమాత్రం. రేకులుగా వంచుకోవచ్చు, అతుకు వేసుకోవచ్చు. మంట గొట్టాలకు సరిపోతుంది కానీ టర్బైన్ బ్లేడుకు పనికిరాదు. 80లో అదే ఇరవై శాతం క్రోమియం, రెండున్నర శాతం దాకా టైటానియం, ఒకటిన్నర దాకా అల్యూమినియం. 90లో వీటికి పద్దెనిమిది శాతం కోబాల్ట్ తోడవుతుంది. 115కు వచ్చేసరికి క్రోమియం పదిహేనుకు దిగుతుంది, అల్యూమినియం అయిదుకు, టైటానియం నాలుగుకు ఎక్కుతుంది. పోత బ్లేడులకు వాడే 247 రకంలో క్రోమియం ఎనిమిదే. ఏకస్ఫటిక బ్లేడులకు పేరున్న సీఎంఎస్ఎక్స్-4లో ఆరున్నర. దాని తర్వాతి తరం సీఎంఎస్ఎక్స్-10లో రెండు. ఇరవై, పదిహేను, ఎనిమిది, ఆరున్నర, రెండు. నికెల్ క్రోమియం లోహాలని పేరు పెట్టుకున్న కుటుంబంలో క్రోమియమే తరం తరానికీ తరిగిపోయింది. బలం కోసం అల్యూమినియం, టాంటలం, టంగ్‌స్టన్, రీనియం ఇరికించాలి. వాటితోపాటు క్రోమియం కూడా ఎక్కువైతే వేడిలో పెళుసు పలకలు పుడతాయి. పైగా వెయ్యి డిగ్రీలు దాటితే క్రోమియం పొర ఆవిరవడం మొదలవుతుంది. అక్కడ అల్యూమినియం పొరే గొడుగు.

అలాగైతే పాళ్లే కదా ముఖ్యం, పాకం ఎక్కడుందని అడగొచ్చు. ఇది గట్టి అభ్యంతరమే. దీనికి నేను కొంత తలవంచాలి. రామచంద్రాపురంలో తయారైన భారీ గ్యాస్ టర్బైన్లు జనరల్ ఎలక్ట్రిక్ నమూనాలవి. ఆ వంశపు టర్బైన్ల బ్లేడులకు చాలాకాలం ఐఎన్-738 అనే లోహం వాడారు. అందులో క్రోమియం పదహారు శాతం. విమాన బ్లేడుల కంటే రెట్టింపు. ఎందుకంటే నేల మీది టర్బైన్ ఏళ్ల తరబడి ఆగకుండా తిరగాలి. ఇంధనంలో గంధకం ఉంటుంది, సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. రెండూ కలిసి సోడియం సల్ఫేట్ అయి, ఏడు నుంచి తొమ్మిది వందల డిగ్రీల మధ్య కరిగి, బ్లేడు మీది పొరను తినేస్తాయి. దీన్ని తట్టుకోవడానికి క్రోమియం కావాల్సిందే. ఎంత గొప్ప కొలిమైనా ఎనిమిది శాతం క్రోమియానికి పదహారు శాతం పని నేర్పలేదు. పైన పూత పూయవచ్చు, పూస్తున్నారు కూడా. పూత ఊడిన చోట మాత్రం అసలు లోహం బయటపడుతుంది. కాబట్టి నా మాటను సరిదిద్దుకుంటాను. లోహం ఎంత ఎత్తుకు పోగలదో పాళ్లు తేలుస్తాయి, నిజంగా ఎంత ఎత్తుకు పోయిందో పాకం తేలుస్తుంది. ఏది మేలైన లోహమని విమానానికీ విద్యుత్ కేంద్రానికీ కలిపి ఒకే ప్రశ్న వేయడం తప్పు.

718 సంగతి దీన్ని ఇంకా తేటపరుస్తుంది. 1950ల చివర హెర్బర్ట్ ఐసెల్‌స్టైన్ దీన్ని రూపొందించాడు. అందులో అయిదు శాతం నియోబియం, దాదాపు పద్దెనిమిది శాతం ఇనుము. ఆరువందల యాభై డిగ్రీలు దాటితే దాని గట్టిపరిచే గడులు నెమ్మదిగా రూపు మార్చుకుని బలం పోతుంది. 115తో పోలిస్తే వేడికి తట్టుకోవడంలో ఇది చిన్నది. అయినా ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా తయారయ్యే సూపర్ అల్లాయ్, అంటే తీవ్రమైన వేడికి నిలిచే లోహం, ఇదే. దీని గడులు ఏర్పడటం చాలా నిదానం. అందువల్ల అతుకు వేశాక లోహం చల్లారేలోపు గట్టిపడి పగిలిపోదు. 115 లాంటి వాటిలో గడులు క్షణాల్లో ఏర్పడి అతుకు పక్కనే చీలిక తెస్తాయి. ఆ నిదానమే 718ని పనిముట్టుగా మార్చింది. సుత్తె కింద సాగుతుంది, అతుకుతుంది, డిస్కు అవుతుంది.

పాకం మాట అన్నిటికంటే నిక్కచ్చిగా తేలేది పోత బ్లేడుల దగ్గర. మార్-ఎం 200 అనే లోహం 1960లలో కాగితం మీద అద్భుతం. మామూలుగా పోత పోస్తే బ్లేడులో స్ఫటికాల మధ్య అడ్డంగా ఉన్న అంచులు వేడిలో విడిపోయి బ్లేడు విరిగేది. ప్రాట్ అండ్ విట్నీలో ఫ్రాంక్ వెర్‌స్నైడర్ బృందం అదే లోహాన్ని కింది నుంచి పైకి ఒకే దిశలో గడ్డకట్టించింది. అంచులన్నీ నిలువుగా వచ్చాయి, బరువు లాగే దిశలో. బ్లేడు ఆయుష్షు ఎన్నో రెట్లు పెరిగింది. ఆ తర్వాత అంచులే లేకుండా బ్లేడంతా ఒకే స్ఫటికంగా పోశారు. ఇది చేసే తీరు చూస్తే చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది. ముందు మైనంతో బ్లేడు రూపు చేస్తారు. లోపల గాలి తిరిగే సన్నని దారుల కోసం పింగాణీ కడ్డీ పెడతారు. మైనం చుట్టూ పింగాణీ పొరలు కట్టి, మైనం కరిగించేస్తారు. ఆదిలాబాద్ ఓఝాలు డోక్రా బొమ్మలకు చేసేదీ మూలంలో ఇదే. ఆ అచ్చు కింద పంది తోకలా మెలిక తిరిగిన సన్నని దారి ఉంటుంది. శూన్యంలో కరిగిన లోహం పోసి, అచ్చును వేడి గదిలోంచి నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున కిందికి దించుతారు. అడుగున ఎన్నో స్ఫటికాలు మొలుస్తాయి. మెలికలో పోటీపడి ఒక్కటే పైకి వస్తుంది. ఆ ఒక్కటే బ్లేడంతా అవుతుంది. మెలిక తప్పినా, దించే వేగం కాస్త తడబడినా ఇంకో స్ఫటికం దూరి బ్లేడు పనికిరాకుండా పోతుంది. ఇలాంటి అరవై బ్లేడుల జతను హైదరాబాద్ రక్షణ లోహ పరిశోధనశాల 2021 ఏప్రిల్‌లో హెలికాప్టర్ ఇంజన్ కోసం హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు అప్పగించింది. ఈ విద్య చేతనైన దేశాలు ప్రపంచంలో కొన్నే. ఆ లోహాల శాతాలు మాత్రం ఎన్నో పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి.

పాళ్ల పక్షాన ఇంకొక మాట మిగిలింది. 1990లలో అమెరికాలో జాన్ వెర్‌హోవెన్, కత్తుల పనివాడు ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి, వూట్జ్‌తో చేసిన పాత డమాస్కస్ కత్తుల మీది నీటి అలల వంటి గీతలకు కారణం ధాతువులో జాడగా ఉన్న వనాడియం లాంటి లోహాలేనని చూపారు. ఆ ధాతువు మారినప్పుడు గీతలు రావడం ఆగింది, విద్య పోయింది అన్నారు. ఇది నిజమైతే పాళ్లే గెలిచినట్టు. కానీ వాళ్ల ప్రయోగాల్లోనే వనాడియం ఉన్నంత మాత్రాన గీతలు రాలేదు. మూస నిదానంగా చల్లారాలి, ఆ తర్వాత కాల్చి కొట్టడం ఎన్నోసార్లు సాగాలి. అప్పుడే ఆ జాడ లోహం వరసకట్టింది. కోనసముద్రంలో మూసను నిదానంగా చల్లారనివ్వడం, బిళ్లను నాలుగుసార్లు దాకా కాల్చడం ఊరికే పాటించిన ఆచారాలు కావు.

దినుసుల చిక్కు మనకు మరో రకంగా ఉంది. బొమ్మలకు పేరున్న కొండపల్లి కొండల్లో క్రోమియం ఇచ్చే క్రోమైట్ ఉంది, ఒడిశా సుకిందాలో ఇంకా ఎక్కువ. నికెల్‌కు మాత్రం విదేశాల మీదే ఆధారపడుతున్నాం. కాబట్టి ఏ లోహం ఎక్కడ వాడాలన్న ఎంపిక మనకు ఖర్చుతో ముడిపడినది. రాజీవ్ రహదారి కొసన రామగుండంలో ఎన్టీపీసీ తెలంగాణ ప్రాజెక్టు యూనిట్లు రెండు, ఒక్కొక్కటీ 800 మెగావాట్లవి, ఆరువందల డిగ్రీల అంచున ఆవిరి వాడతాయి. అక్కడి గొట్టాలు ఇంకా ఉక్కువే. అంత దాకా నికెల్ ప్రధానమైన లోహాల అవసరం లేదు. బొగ్గు తక్కువ కాల్చాలంటే ఆవిరిని ఏడువందల పది డిగ్రీలకు తీసుకుపోవాలని బీహెచ్ఈఎల్, ఎన్టీపీసీ, కల్పక్కం అణు పరిశోధన కేంద్రం కలిసి ఒక కార్యక్రమం మొదలుపెట్టాయి. దానికి ఎంచుకున్నది 617 రకం లోహం. ఇరవై రెండు శాతం క్రోమియం, పన్నెండు కోబాల్ట్, తొమ్మిది మాలిబ్డినం. గడుల బలం మీద ఆధారపడదు, అతుకుతుంది, లక్ష గంటలు నిలవాలి. మిశ్రధాతు నిగమ్ కరిగించిన ఆ లోహాన్ని హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ గొట్టాలుగా లాగింది. పట్టిక ఎప్పటి నుంచో అందుబాటులో ఉంది. గొట్టం గోడ పొడవునా ఒకే మందంగా, లోపల చీలిక లేకుండా రావడానికి మాత్రం దిమ్మెను ఏ వేడిలో తొయ్యాలి, లాగుడుకూ లాగుడుకూ మధ్య ఎంతసేపు కాల్చాలి అన్నది అక్కడి పనివాళ్లు దిమ్మె తర్వాత దిమ్మెను పాడుచేసుకుంటూ తేల్చుకోవాల్సిందే.